పుణె కుమ్మరి పెట్టిన గడువులు

1794 అక్టోబరులో లండన్‌లోని జెంటిల్‌మన్స్ మ్యాగజైన్ ఒక ఉత్తరం అచ్చు వేసింది. రాసిన మనిషి పేరు లేదు, చివర బి.ఎల్. అని రెండు పొడి అక్షరాలు మాత్రం ఉన్నాయి. కవాస్జీ అనే మరాఠా బండివాడికి పుణె దగ్గర ఒకాయన కొత్త ముక్కు ఎట్లా పెట్టాడో ఆ ఉత్తరం వివరంగా చెబుతుంది. ప్లాస్టిక్ సర్జరీ చరిత్ర రాసినవాళ్లంతా ఈ ఉత్తరం దగ్గర ఒకసారి ఆగుతారు. నుదుటి తోలు ఎట్లా కోశారు, ఎట్లా మెలితిప్పి కిందికి దించారు అని చెప్పి ముందుకు వెళ్లిపోతారు. నేను మాత్రం కోత అయిపోయాక వచ్చే నాలుగైదు వాక్యాల దగ్గరే కూర్చుండిపోయాను. చదివేనాటికి నాకూ ముక్కు ఆపరేషన్ అయి, ముక్కు మీద అచ్చుపట్టీ ఉంది, ముక్కు లోపల సిలికాన్ రేకులు ఉన్నాయి, రెండు కళ్ల కిందా కమిలి నల్లబడి ఉంది. కోసేవాడి నేర్పు నాకప్పుడు అక్కరలేదు. కోయించుకున్నవాడు ఎన్నాళ్లకు మనిషయ్యాడన్నదే కావాలి.

ఆ ఉత్తరంలో నన్ను పట్టుకున్న మాట ఇంకొకటి ఉంది. ముక్కు పెట్టినాయనది ఇటుకలు చేసే కులమట. మరాఠీ ఊళ్లలో ఇటుకలు కాల్చేది కుంభార్లు. మాది సిద్దిపేట జిల్లా మర్కూక్‌లో కుమ్మరి ఇల్లు. మా నాయిన కుండలతో పాటు ఇటుకలు, గూనపెంకలు కూడా కాల్చేవాడు. మా ఇంట్లో సారె ఆగి ఏండ్లయింది, బోనాల కుండలకు మాత్రం చిన్నాయిన ఇప్పటికీ తిప్పుతాడు. నేను బడిపంతులునయ్యాను. పుణెలో మన కులపాయన ముక్కు పెట్టిండట అని చెబితే మా అవ్వ వెంటనే అడిగింది:

“మట్టితోని వెట్టిండా?”

“కాదవ్వా, నుదుటి తోలుతోని.”

“మరి నుదురేంగావాలె?”

ఉత్తరంలో దీనికీ జవాబుంది. కొంతకాలం పోతే నుదుటి మచ్చ పెద్దగా కనబడదట.

కవాస్జీ సంగతి ముందు చెప్పాలి. 1790 నుంచి 1792 దాకా జరిగిన మూడో మైసూరు యుద్ధంలో అతను ఇంగ్లిష్ సైన్యం దగ్గర ఎడ్లు తోలేవాడు. ఆ యుద్ధంలో ఇంగ్లిషువాళ్లతో మరాఠాలూ ఉన్నారు, మా నేలను ఏలుతున్న రెండో నిజాం సైన్యమూ ఉంది. అప్పటి యుద్ధాలు ఎడ్ల మీద నడిచేవి. ధాన్యం, మందుగుండు, ఫిరంగులు అన్నీ ఎడ్లు లాగితేనే కదిలేవి. అందుకే శత్రువు సిపాయిని ఎంత పట్టుకోవాలనుకునేవాడో బండివాడినీ అంతే పట్టుకోవాలనుకునేవాడు. కవాస్జీ మైసూరు సుల్తాను టిప్పు మనుషులకు చిక్కాడు. వాళ్లు ముక్కూ ఒక చెయ్యీ కోసి వదిలేశారని ఉత్తరం చెబుతుంది. అతనితో పాటు నలుగురు తిలంగా సిపాయిలకూ ఇదే గతి పట్టిందని తర్వాతి చరిత్రకారులు రాశారు. కంపెనీ కొలువులోని దేశీ సిపాయిలను ఆ రోజుల్లో తిలంగాలనేవారు, మొదట్లో తెలుగు నేలల నుంచి చేరినవాళ్లే ఎక్కువ కాబట్టి.

ఏడాదికి పైగా కవాస్జీ ముక్కు లేకుండానే బతికాడు. కంపెనీ పింఛను ఇచ్చింది. కాని పింఛనుతో ముఖం రాదు. మన దేశంలో అప్పట్లో ముక్కు కోయడం ఒక గాయం మాత్రమే కాదు, తీర్పు కూడా. దొంగకు, రంకు కట్టినవాళ్లకు, ఓడిపోయినవాళ్లకు వేసే శిక్ష అది. కవాస్జీని కొత్తగా చూసినవాడు ‘ఏ యుద్ధంలో పోయింది’ అని అడగడు, ‘ఏం చేసినందుకు పోయింది’ అని మనసులో అనుకుంటాడు. భద్రాచలం దగ్గరి పర్ణశాలకు పోయినవాళ్లు శూర్పణఖ కథ ఇప్పటికీ నవ్వుతూ చెప్పుకుంటారు. ముక్కు పోయినవాళ్ల మీద జాలి మన కథల్లో తక్కువే. అందుకే మామూలు బతుకులోకి తిరిగి రావడమంటే అప్పట్లో గాలి ఆడటం కన్నా ముందు నలుగురిలో తలెత్తడం.

పుణె కుమ్మరి మొదట పలుచని మైనపు రేకు తీసుకొని మిగిలిన మొండి ముక్కు మీద అద్దాడు. ముక్కు ఆకారం వచ్చాక దాన్ని తీసి చదును చేసి నుదుటి మీద పరిచాడు. చుట్టూ గీత గీసి ఆ గీత వెంబడి తోలు కోశాడు. కనుబొమల మధ్య చిన్న పేలికంత తోలు తెగకుండా ఉంచాడు, నెత్తురు దాని గుండానే కొత్త ముక్కుకు అందాలి. మొండి ముక్కు అంచులను కోసి చాలు చేశాడు, తోలును తిప్పి కిందికి దించి ఆ చాలులో కూర్చోబెట్టాడు. కుట్లు లేవు. తాంబూలంలో వేసుకునే కాచును నీళ్లలో మెత్తగా చేసి గుడ్డ పేలికలకు రాసి, ఐదారు పేలికలను ఒకదాని మీద ఒకటి అతికించాడు. సండ్ర చెట్టు నుంచి తీసే ఆ కాచుకు వగరు గుణం ఉంది, అతుక్కునే గుణమూ ఉంది. బొంబాయి డాక్టర్లు థామస్ క్రూసో, జేమ్స్ ఫిండ్లే పక్కన నిలబడి చూశారు.

తర్వాత వచ్చేవే నేను చెప్పిన వాక్యాలు. నాలుగు రోజులు కాచు పట్టీని ముట్టుకోవద్దు. ఆ తర్వాత తీసేసి నెయ్యిలో ముంచిన గుడ్డలు వేయాలి. మొదటి ఐదారు రోజులు మనిషి వెల్లకిలా పడుకునే ఉండాలి. పదో రోజు మెత్తటి గుడ్డ ముక్కలు ముక్కు రంధ్రాల్లో పెట్టాలి, లేకపోతే అవి మూసుకుపోతాయి. ఇరవై అయిదో రోజు ప్రాంతంలో కనుబొమల మధ్య మిగిల్చిన పేలికను కోసి, అందం కోసం కొంచెం సవరించాలి.

కోయడానికి ధైర్యం కావాలి, ఒకరోజు ధైర్యం ఎవరికైనా వస్తుంది. ఈ గడువులు మాత్రం ఒక్కరి బుర్రలోంచి రావు. నాలుగో రోజు కన్నా ముందు పట్టీ విప్పితే ఏమవుతుందో ఎవరికో ఒకరికి అయి ఉండాలి. గుడ్డ పెట్టకపోతే రంధ్రాలు పూడిన మనిషి ఒకడు ఉండి ఉండాలి. పేలికను తొందరపడి కోసినందుకు ఎండి రాలిన ముక్కు ఒకటి ఉండి ఉండాలి. తరతరాల రోగులు ఓర్చుకున్న బాధ ఆ నాలుగు అంకెల్లో ఉంది. ఇప్పటికీ నుదుటి తోలుతో ముక్కు కట్టే సర్జన్లు ఆ పేలికను దాదాపు మూడు వారాలకు కోస్తారు. ఇరవై అయిదో రోజు అన్నవాడు పెద్దగా తప్పలేదు.

ఈ పని ఎంత పాతదో తెలుసుకోవాలంటే సుశ్రుత సంహిత చూడాలి. సూత్రస్థానం పదహారో అధ్యాయంలో ముక్కు వస్తుంది. ఆ అధ్యాయం మొదలయ్యేది మాత్రం చెవులు కుట్టడంతో. పిల్లవాణ్ని దాది ఒళ్లో కూర్చోబెట్టి, ఆటవస్తువులు చూపి మరిపించి, చెవి తమ్మెను ఎండకు పట్టి వెలుగు కనబడే చోట కుట్టాలి. పచ్చి నూనె రాయాలి. మూడు రోజులకోసారి వత్తి మార్చి ముందుదాని కన్నా లావుది పెట్టాలి. మా ఊళ్లో అవుసలాయన చెవులు కుట్టి వేప పుల్ల దూర్చి, పసుపు కలిపిన నూనె రోజూ రాయమని చెప్పడం నా చిన్నతనంలో చూశాను. లావు నగలు వేలాడి తమ్మెలు తెగేవి, తెగిన తమ్మెను అతికే విద్య కావలసి వచ్చింది. సుశ్రుతుడు పదిహేను రకాల అతుకులు చెప్పాడు. చెంప తోలు తెచ్చి తమ్మె చేయగలిగినవాడికి ముక్కు ఎందుకు చేయకూడదని తోచి ఉంటుంది. ముక్కు విద్యకు మూలం యుద్ధంలో ఉందని చాలామంది రాస్తారు. నాకు మాత్రం అవుసలి సూదిలో ఉందనిపిస్తుంది.

సుశ్రుతుడి పద్ధతిలో ఒక ఆకును ముక్కు కొలతకు కత్తిరించి, ఆ కొలతతో చెంప పక్క తోలు తీసి, ఒక కొస అంటి ఉండగానే ముక్కుకు అతకాలి. లోపల రెండు గొట్టాలు పెట్టాలి. అవి ఆముదపు కాడలని వ్యాఖ్యాతలు చెప్పారు. పైన పతంగి చెక్క, అతిమధురం, అంజనం పొడి చల్లి, తెల్లటి దూదితో కప్పి, మాటిమాటికీ నువ్వుల నూనె చిలకరించాలి. తిన్నది అరిగాక నెయ్యి తాగించాలి. అతుకు మానాక పొట్టిగా ఉంటే సాగదీయాలి, మాంసం ఎక్కువైతే సమం చేయాలి.

అదే అధ్యాయంలో చెవి అతికించుకున్నవాడికి చెప్పిన పథ్యం చదివి నవ్వుకున్నాను. గాయానికి దెబ్బ తగలనివ్వద్దు, పగలు నిద్రపోవద్దు, కసరత్తు వద్దు, మితిమీరి తినవద్దు, స్త్రీ సంగమం వద్దు, నిప్పు సెగ వద్దు, ఎక్కువ మాట్లాడవద్దు. నా డిశ్చార్జి కాగితంలో పగటి నిద్ర మినహా దాదాపు ఇవన్నీ ఉన్నాయి. నిప్పు సెగ తగిలితే నెత్తుటి నాళాలు వెడల్పై మళ్లీ కారుతుందని, అందుకే వేడి ఆవిరి పట్టొద్దని, పొయ్యి దగ్గర కూర్చోవద్దని మా డాక్టరు వివరించాడు. ఆవం పెట్టి కుండలు కాల్చే ఇంట్లో ఈ ఆపరేషన్ చేయించుకుంటే ఏంగాను?

చెంప తోలు వదిలి నుదుటి తోలుకు ఎప్పుడు మారారో తేదీ వేసి చెప్పలేం. పదిహేడో శతాబ్దం చివరికి మాత్రం దక్కనులో నుదుటి పద్ధతే నడుస్తోంది. వెనిస్ నుంచి వచ్చిన మనూచీ బీజాపూర్ ముట్టడి సంగతులు రాస్తూ, ముక్కులు తెగినవాళ్లకు ఇక్కడి వైద్యులు కనుబొమల పైతోలు దించి ముక్కు కట్టేవారని, ఊపిరాడటానికి లోపల ఏదో అడ్డు పెట్టేవారని చెప్పాడు. అట్లాంటి ముక్కులవాళ్లను చాలామందిని చూశాడట. అసలు ముక్కే లేకపోవడం కన్నా ఎంతో మెరుగని అతని తీర్పు. బీజాపూర్ 1686లో పడింది, మరుసటి ఏడు గోల్కొండ పడింది. ఔరంగజేబు సైన్యం తిరిగిన దారుల్లో ఈ విద్యకు పని తక్కువ ఉండి ఉండదు.

ఆముదపు కాడ, బీజాపూర్ అడ్డు, పుణె గుడ్డ ముక్క, తర్వాత గాజ్ గుడ్డ పట్టీ, ఇప్పుడు సిలికాన్ రేకు. రెండువేల ఏండ్ల చరిత్రలో వస్తువు మారింది, భయం మారలేదు. ముక్కు కట్టడం కన్నా కట్టిన ముక్కులో దారి మూసుకుపోకుండా చూడటమే కష్టం.

లండన్‌లో జోసెఫ్ కార్ప్యూ ఆ ఉత్తరం చదివి, శవాల మీద సాధన చేసి, ఇరవై ఏండ్ల తర్వాత 1814 అక్టోబరు 23న చెల్సీలో ఒక సైనికాధికారికి నుదుటి ముక్కు పెట్టాడు. మూడో రోజు పట్టీ విప్పితే తోలు బతికే ఉంది. 1816లో పుస్తకం వేశాడు. అక్కడి నుంచి ఆ పద్ధతి యూరప్ అంతా ‘ఇండియన్ పద్ధతి’ అనే పేరుతో తిరిగింది. మన దగ్గర కాంగ్రాలో కంఘియారా కుటుంబంవాళ్లు ఇరవయ్యో శతాబ్దం దాకా చేశారు. జునాగఢ్‌లో త్రిభువన్‌దాస్ మోతీచంద్ షా క్లోరోఫాం ఇచ్చి వంద ముక్కులు కట్టి 1889లో పుస్తకం రాశాడు. ఆ ప్రాంతంలో ‘కాదు మకరానీ’ అనే పేరున్న బందిపోటు ముక్కులు కోస్తుంటే ఈయన కడుతూ పోయాడు.

క్లోరోఫాం మాట వచ్చింది కనుక మన హైదరాబాద్ దగ్గర ఆగక తప్పదు. కవాస్జీకి మత్తు లేదు. ఈథర్ 1846లో, క్లోరోఫాం 1847లో వచ్చాయి. క్లోరోఫాంతో కొందరు బల్ల మీదే చనిపోతుంటే, గుండె ఆగి పోతున్నారా ఊపిరి ఆగి పోతున్నారా అని పెద్ద తగాదా నడిచింది. దాన్ని తేల్చడానికి రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ 1888లో హైదరాబాద్‌లో ఒక కమిషన్ వేశాడు. లండన్ నమ్మకపోతే 1889లో రెండోది జరిగింది. నిపుణుణ్ని పంపమని ఆరో నిజాం ప్రభుత్వం లాన్సెట్ పత్రికకు వెయ్యి పౌండ్లు ఇస్తే లాడర్ బ్రంటన్ వచ్చాడు. వందల జంతువుల మీద పరీక్షలు చేసి, ఊపిరే ముందు ఆగుతుంది, నాడి కాదు, ఊపిరి చూడండి అని తేల్చారు. 1911లో గుడ్మన్ లెవీ గుండె లయ తప్పి కూడా ఆగుతుందని నిరూపించాడు, హైదరాబాద్ తీర్పు సగం వీగిపోయింది. ఊపిరి మీద కన్ను తీయవద్దన్న సగం మాత్రం నిలిచింది. ముక్కు ఆపరేషన్‌కు అదే ముఖ్యం, నెత్తురు గొంతులోకి దిగుతుంది కదా. లారీ దగ్గర చదివి క్లోరోఫాం ఇవ్వడంలో ఆరితేరిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోనే మొదటి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. ఆమె పేరు మన పాఠాల్లో నాకు కనబడలేదు. ఉండాల్సింది.

1884లో కార్ల్ కోలర్ కొకైన్ కన్నును మొద్దుబారుస్తుందని చూపాక ముక్కు డాక్టర్ల దశ తిరిగింది. అది మొద్దుబార్చడమే కాదు, నెత్తుటి నాళాలను ముడుచుకునేటట్టు చేస్తుంది కూడా. 1902లో ఫ్రీర్, 1904లో కిలియన్ ముక్కు మధ్య గోడను లోపలి నుంచే సరిచేసే పద్ధతులు రాశారు. బెర్లిన్‌లో జాక్ జోసెఫ్ పైరూపం మార్చే ఆపరేషన్లకు పేరు పడ్డాడు. దాంతో ముక్కు పోయినవాళ్ల విద్య కాస్తా ముక్కు ఉన్నవాళ్ల విద్య అయింది. వంకర గోడ, కూలిన ఎముక, రాని గాలి. కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రి ముందు పొద్దున్నే నిలబడేవాళ్లలో ఎక్కువమందికి ముక్కు నిండుగానే ఉంటుంది, ఊపిరే ఆడదు.

నాదీ ఆ జాతే. పడుచుతనంలో కబడ్డీలో ఒకని మోకాలు తగిలి ఎముక ఒరిగింది, లోపలి గోడా ఒరిగింది. నోటితోనే ఊపిరి తీస్తూ ఏండ్లు గడిపాను. చివరికి హైదరాబాద్‌లో ఒక ఆస్పత్రిలో రెండూ సరిచేయించుకున్నాను. రాజీవ్ రహదారి మీద కారులో తిరిగొస్తుంటే వంటిమామిడి దగ్గర ప్రతి స్పీడ్ బ్రేకరూ ముక్కులోనే తగిలింది. ఇంటికి చేరాక చూడవచ్చినవాళ్లంతా ఒకటే ప్రశ్న, “సారూ, ఎవలన్న కొట్టిండ్రా?” కవాస్జీకి ఎదురైన అనుమానం ఇంకా బతికే ఉంది.

మా అవ్వ పథ్యం వేరు. పప్పు తింటే చీము పడుతుంది, వంకాయ అసలే వద్దు, జొన్న గట్కనే మేలు. డాక్టరు అన్నీ తినమన్నాడు. ఈ విషయంలో నేను డాక్టరు పక్షం, గాయం మానడానికి మాంసకృత్తులు కావాలి, పప్పు మానేస్తే పేదవాడికి అవి ఎక్కడివి? వెల్లకిలా పడుకోవాలన్న మాట దగ్గర మాత్రం అవ్వ, డాక్టరు, పుణె కుమ్మరి ముగ్గురూ ఒక్కటే.

ఇప్పటి గడువులు కూడా రాస్తాను, పనికొస్తాయి. ముక్కులో గుడ్డ పెడితే సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తీస్తారు. రేకులు, పైపట్టీ వారం దగ్గర తీస్తారు. కళ్ల కింద కమిలిన చోటు పచ్చబడి, పసుపు రంగుకు తిరిగి, పది పద్నాలుగు రోజుల్లో పోతుంది. ఒకటి రెండు వారాలకు కూర్చొని చేసే పనికి పోవచ్చు. రెండు వారాలు ముక్కు చీదొద్దు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. పక్కులు గోటితో తీయొద్దు, డాక్టరు చెప్పిన ఉప్పునీళ్లతో కడగాలి. బరువులు మూడు నాలుగు వారాలు ఎత్తొద్దు. ఎముక కోసి సరిచేసినవాళ్లు కళ్లజోడు బరువు నెలా నెలన్నర ముక్కు మీద మోపొద్దు. వాసన కొన్నాళ్లు మందగిస్తుంది, కొన మొద్దుబారి ఉంటుంది, మెల్లగా వస్తాయి. ఎర్రటి నెత్తురు ధారగా కారినా, జ్వరం వచ్చినా, కంటిచూపు మసకబారినా ఆగకుండా ఆస్పత్రికి పోవాలి. వాపు చాలా మటుకు మూడు నెలల్లో దిగుతుంది, అసలు రూపం తేలడానికి ఏడాది పడుతుంది. ఆవం ఆర్పిన పూటే కుండలు తీస్తే పగులుతాయని మా నాయిన ఎవర్నీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ముక్కూ అంతే, పైన చల్లబడినా లోపల ఇంకా నడుస్తూనే ఉంటుంది.

మొదట నాకు దొరికిన కసరత్తు నడక ఒక్కటే. 2020 మే 29న మా మర్కూక్ పంపుహౌస్ మొదలై కొండపోచమ్మ సాగర్‌లోకి గోదావరి నీళ్లు వచ్చాయి. 15 టీఎంసీల జలాశయం. ఆ నీళ్ల కింద ఇండ్లు వదిలిన ఊళ్లవాళ్లకు మామూలు బతుకు ఎప్పుడొస్తుందో ఏ కాగితమూ గడువు రాయలేదు, అది వేరే వ్యాసం. నేను పొద్దుగూకేముందు మూతికి తువ్వాల కట్టుకొని ఆ సాగర్ కట్ట మీద నడిచేవాణ్ని. దుమ్ము లేనిచోట తువ్వాల దించి ముక్కుతో ఊపిరి పీల్చేవాణ్ని. రెండు రంధ్రాల్లోంచీ గాలి వచ్చేది.

కవాస్జీ ఆపరేషన్ అయిన పది నెలలకు, 1794 జనవరిలో, జేమ్స్ వేల్స్ అనే చిత్రకారుడు అతని బొమ్మ గీశాడు. ముక్కుతో, నుదుటి మచ్చతో, ఇటు తిరిగి చూస్తూ ఉంటాడు. బండివాడి పేరు మిగిలింది. చూసిన డాక్టర్ల పేర్లు, బొమ్మ గీసినవాడి పేరు మిగిలాయి. ముక్కు పెట్టినవాడి పేరు ఆ ఉత్తరంలో లేదు, గడువులే ఉన్నాయి.

డాక్టర్లకు ఒక విన్నపం. ఆ పుణె కుమ్మరి తన రోగికి ఏ రోజు ఏం చేయాలో రోగి భాషలోనే చెప్పి ఉంటాడు. నా డిశ్చార్జి కాగితం మొత్తం ఇంగ్లిషులో ఉంది, సగం పొడి అక్షరాలు. రాత్రిపూట నా ముక్కు నుంచి నెత్తురు చుక్క కారితే అది మామూలేనా కాదా అని తెలుసుకోవలసింది మా అవ్వ. ఆమెకు తెలుగు వచ్చు. ముక్కు ఆపరేషన్ చేసి ఇంటికి పంపే ప్రతి రోగి చేతిలో తెలుగులో, రోజుల వారీగా, ఒక్క పేజీ పెట్టండి.